చప్పిడి మావయ్య మీద తటస్థ వ్యాసం

నేను గడ్డి మీద రాసుకునేదాన్ని. ఇంటర్నెట్లో అందరూ కలిసి రాసే విజ్ఞాన సర్వస్వం ఉంది కదా, దాని కిర్గిజ్ విభాగంలో మా నారిన్ ప్రాంతపు మొక్కలూ, నాచులూ, బొరియల్లో బతికే జంతువులూ దాదాపు అన్నీ నా చేతి మీదుగా ఎక్కినవే. పగలు బడిలో జీవశాస్త్రం చెప్పుకుంటూ, సాయంత్రాలు ఒక్కో గడ్డినీ ఎక్కించుకుంటూ హాయిగా కాలక్షేపం చేస్తున్నాను. గడ్డితో ఉన్న సుఖమేమిటంటే, నా గురించి ఏం రాశావని అడగడానికి అది మన ఇంటికి రాదు. దాని చుట్టాలు రారు. దాని అభిమానులు వచ్చి మన గేటుకి గొర్రెని కట్టేసి పోరు.

మా పెద్దమామగారి విషయంలో ఈ మూడూ జరిగాయి.

పెద్దమామగారంటే మా మామగారికి అన్న. మా ఊరు కొచ్‌కోర్‌లో అందరూ ఆయన్ని తుజ్సుజ్ అంటారు. అంటే ఉప్పులేనివాడు, చప్పిడి. క్యాసెట్ మీద అదే పేరు, పోస్టర్ల మీద అదే పేరు. అసలు పేరు వేరే ఉంది. అది నేను చెప్పను. కోడలు మామగారి పేరు గానీ, ఆయన అన్నదమ్ముల పేర్లు గానీ నోట పలకడం మా దగ్గర లేదు. ఏదో ఒక మారుపేరు పెట్టుకుని సర్దుకోవాలి. నా తరగతిలో ఆయన పేరే ఉన్న పిల్లవాడు ఒకడున్నాడు. వాణ్ణి ఎప్పట్నుంచో ‘కిటికీ పక్కబ్బాయి’ అంటున్నాను. వాడిప్పుడు గోడ పక్కన కూర్చుంటున్నాడు. అయినా కిటికీ పక్కబ్బాయే.

పెద్దమామగారు సోవియట్ కాలంలో లారీ నడిపారు. ఒక చలికాలం దొలోన్ కనుమలో లారీ మంచులో కూరుకుపోతే, గడ్డకట్టుకుపోకుండా ఇంజను ఆన్ చేసి ఉంచి, కేబిన్లో కూర్చుని కోముజ్ వాయించుకుంటూ పాటలు పాడి టేపులో పట్టారు. కోముజ్‌కి ఉండేవే మూడు తీగలు. అందులో ఒకటి తెగిపోతే చేపల గాలం దారం కట్టారు. పోయిన బూటు మీద ఒక పాట, మంచు తీసే బండి మీద ఒక పాట, రాని బస్సు మీద చాలా పొడుగు పాట. వెనక ఇంజను గుర్రుమంటూనే ఉంటుంది. అదే ఆయన మొదటి క్యాసెట్టు, ఆఖరి క్యాసెట్టు. ముందు లారీ డ్రైవర్లు నిద్ర రాకుండా విన్నారు. తర్వాత ఎలాగో బిష్కెక్ కుర్రాళ్ళ చేతిలో పడింది. వాళ్ళు కళ్ళు మూసుకుని విన్నారు. అక్కడ మొదలైంది అసలు గోల.

ఈ కుర్రాళ్ళకి నాయకుడు మా ఊళ్ళో ఫోన్లు బాగుచేసే ఎర్మెక్. తాము అభిమానులం కాదు, భక్తులం అని వాళ్ళే చెప్పుకుంటారు. గురువు పేరు ఉప్పులేనివాడు కాబట్టి వాళ్ళూ ఉప్పు మానేశారు. ఏడాదికొకసారి పండుగ చేసి చప్పిడి మాంసం తిని, ఇంజను శబ్దం వింటూ కన్నీళ్ళు పెట్టుకుంటారు. వాళ్ళలో ఒకడికి రక్తపోటు తగ్గింది. దాన్ని విజ్ఞాన సర్వస్వంలో ‘అద్భుతాలు’ అనే విభాగంలో రాశారు.

అవును, వ్యాసం మొదట రాసింది వాళ్ళే. “మహాగాయకుడు తుజ్సుజ్ జన్మించిన రోజున లోయలోని ఆడగుర్రాలన్నీ పితక్కుండానే పాలిచ్చాయి” అన్నది మొదటి వాక్యం. అది సగిన్‌డిక్ కంటపడింది. సగిన్‌డిక్ మా సాంస్కృతిక భవనానికి డైరెక్టరుగా చేసి దిగిపోయాడు. కోముజ్ వాయించడంలో తనంతవాడు లేడని ఆయన నమ్మకం. కొంచెం నిజం కూడా. ఆయన ఆ వాక్యం కొట్టేసి, “ఈ వ్యక్తికీ సంగీతానికీ ఉన్న సంబంధం గాడిదకీ గడియారానికీ ఉన్న సంబంధం” అని రాశాడు. దీనికి మూలం చూపించండి అని అక్కడివాళ్ళు అడిగితే, ‘నా రెండు చెవులు’ అని జవాబిచ్చాడు. ఎర్మెక్ గుర్రాల్ని మళ్ళీ పెట్టాడు. సగిన్‌డిక్ గాడిదని మళ్ళీ తెచ్చాడు. వారం తిరిగేసరికి ఆ పేజీ పశువుల సంతలా తయారైంది.

ఓష్ నుంచి ఆ విభాగాన్ని చూసుకునే నిర్వాహకుడు ఒకాయన ఉన్నాడు. ఆయన పేరేమిటో ఎవరికీ తెలీదు, అక్కడ ‘అక్రోటు’ అని పెట్టుకున్నాడు. అక్రోటు ఇద్దర్నీ బయటికి నెట్టి పేజీకి తాళం వేశాడు. అభిమాని కాని, శత్రువు కాని, రక్తసంబంధం లేని మనిషి ఎవరైనా చప్పిడి పండుగలోపు తటస్థంగా తిరగరాస్తే సరే, లేకపోతే వ్యాసమే తీసేస్తానన్నాడు.

కొచ్‌కోర్‌లో రక్తసంబంధం లేని మనిషట! పెద్దవాళ్ళు కూర్చుని ఏడు తరాల తాతల పేర్లూ వరసగా లెక్కతీశారు. ఐదో తాత దగ్గరికొచ్చేసరికి ఎర్మెక్, సగిన్‌డిక్ కూడా చుట్టాలేనని తేలింది. పాపం, ఇద్దరికీ ఆ రోజు ముద్ద దిగలేదు. ఇక మిగిలింది బయటి ఊళ్ళనుంచి వచ్చిన కోడళ్ళు. వాళ్ళలో విజ్ఞాన సర్వస్వంలో రాసే అలవాటున్నది నాకొక్కదానికే. నాది తలాస్. నా పేరు బురుల్.

చర్చాపేజీలో అక్రోటు నన్ను పరీక్ష చేశాడు.

“ఆయన మీ భర్తకి పెదనాన్న. మీకు అభిమానం లేదని ఏమిటి నమ్మకం?”

“రోజూ నా టీలో పాలెక్కువయ్యాయని వంక పెడతారు.”

“అయితే కోపం ఉందన్నమాట.”

“మా పాపకి పళ్ళొచ్చి ఏడుస్తుంటే, భుజాన వేసుకుని తిప్పింది ఆయనే.”

“రెండూ సరిపోయాయి. రాయండి.” పేజీ తాళం నా ఒక్కదానికే తీశాడు.

కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం అంటారు. నా గతి అంతకంటే అన్యాయం. కప్ప, పాము రెండూ మా ఇంటికే వచ్చి టీ తాగుతాయి. ఎర్మెక్ గేటుకి గొర్రెని కట్టాడు. దాన్ని విప్పి తోలేశాను. సగిన్‌డిక్ తేనె డబ్బా తెచ్చాడు. అదీ వెనక్కిచ్చాను, అది మాత్రం కొంచెం బాధగానే.

“ఎజే, ఒక్క గుర్రాన్నైనా ఉంచండి,” అని బతిమాలాడు ఎర్మెక్. మా వైపు అక్కని ఎజే అంటారు.

“పాలిచ్చినట్టు ఆధారం తే, ఉంచుతాను.”

“భక్తికి ఆధారమేంటి ఎజే?”

“అయితే భక్తిని నీ గుండెల్లో పెట్టుకో. ఇక్కడ పెట్టకు.”

సగిన్‌డిక్‌ది ఇంకో గొడవ. “చూడు కోడలా, మూడు తీగలుంటే వాడు వాయించేది ఒక్కటే. మిగతా రెండూ పింఛను తీసుకుంటున్నాయి. ఇది రాయి, చాలు.”

“బాయ్‌కే, అది మీ అభిప్రాయం,” అన్నాను. అన్న వరసవాణ్ణి బాయ్‌కే అంటాం.

“నా అభిప్రాయం కాదు, తీగల అభిప్రాయం.”

ఇలా ఇద్దర్నీ వదిలించుకుని అసలు మనిషిని అడుగుదామని కూర్చున్నాను. పెద్దమామగారు రోజూ మా ఇంటికి టీకి వస్తారు. మా అత్త కలీచా ఆయన కప్పు అంచు దాకా పోస్తుంది. మా వైపు నిండు కప్పు పోశామంటే తాగేసి బయల్దేరమని. ఆయన అది తాగి, ఇంకోటి అడుగుతారు. నేను ఈ ఇంటికొచ్చినప్పటి నుంచీ ఇదే తంతు.

“ఏమ్మా తలాస్ పిల్లా, ఎంతదాకా వచ్చింది?” అన్నారు.

“పుట్టిన ఊరు, లారీ, క్యాసెట్టు రాశాను మావయ్యా.”

“గుర్రాలో?”

“తీసేశాను.”

“మంచిపని చేశావ్. ఆ ఏడు మనకసలు గుర్రాలే లేవు. ఒక ఆవుండేది, అది తన్నేది.” కాసేపు బూర్సోక్, అంటే నూనెలో వేయించిన పిండి ముక్క, టీలో ముంచుకుని తిన్నారు. “సరే గానీ, పైన పెద్ద అక్షరాల్తో ఏముంటుంది?”

“లోకం మిమ్మల్ని ఏ పేరుతో ఎరుగుతుందో అది. తుజ్సుజ్.”

కప్పు కింద పెట్టారు. “అంతేనా?”

“కింద మొదటి వాక్యంలో అసలు పేరు కూడా ఉండాలి. అది రూలు.”

“ఉండాలా?” ఆయన కళ్ళు ఒక్కసారి చిన్నపిల్లాడి కళ్ళైపోయాయి. “తాతా, బాబాయీ, ఏమీ తగిలించకుండా? ఉత్తి పేరు?”

“గౌరవాలు పనికిరావు మావయ్యా. అక్కడ రాజైనా ఉత్తి పేరే.”

“ఎంత మంచి పుస్తకమమ్మా అది! మరి రాసెయ్.”

“నేనెలా రాస్తాను?”

ఆయనకీ అప్పుడు గుర్తొచ్చింది. కప్పు పక్కకి జరిపారు. తర్వాత మెల్లగా అన్నారు. “మా అమ్మ పిలిచేది, అన్నానికి. మా అన్న పిలిచేవాడు, పనికి. పోయిన వసంతంలో గారేజీ మేస్త్రీ బోకోయ్ పోయాడు. నా ఈడువాడు, నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్ళలో వాడే ఆఖరు. ఇప్పుడెవరున్నారు? బస్సులో తాతా అంటారు. డాక్టరు పిల్లా తాతా అంటుంది. మీరంతా చప్పిడి అంటారు. మొన్న కొండ మీదికి పోయి, ఎవరూ లేకుండా చూసుకుని, నా పేరు నేనే గట్టిగా అరిచా.”

“ఏమైంది?”

“కొండ సగమే తిరిగిచ్చింది. మిగతా సగం ఉంచేసుకుంది.” నవ్వబోయి నవ్వలేదు. “ఒక్కసారి అందులో ఉండనీ అమ్మా. ముక్కూ మొహం తెలీని ఎవడో ఎప్పుడో చదువుకుంటాడు. పిలిచినట్టే కదా.”

గడ్డి ఎప్పుడూ నన్ను ఇలా ఇరకాటంలో పెట్టలేదు.

ఆయన వెళ్ళాక అత్తని అడిగాను. పలకడం కదా తప్పు, రాయడం తప్పు కాదేమో అని.

“రాయడమే పెద్ద తప్పు,” అంది అత్త, పిండి పిసుకుతూ. “పలికింది గాలికి పోతుంది. రాసింది ఉండిపోతుంది. నేను నలభై ఏళ్ళు నోరు కట్టుకున్నా. నువ్వు నాలుగేళ్ళకే విప్పుతావా?”

మా ఆయన చేత టైపు చేయిద్దామని చూశాను. పేరుకి ముందూ వెనకా ఏమీ లేకుండా పెదనాన్నని రాయాలి అనేసరికి ఆయనకి చెమటలు పట్టాయి. గొర్రెల్ని చూసొస్తానని లేచి వెళ్ళిపోయాడు. మాకు గొర్రెల్లేవు.

పేరు సంగతి తేలకపోయినా మారుపేరు సంగతైనా తేల్చేద్దామనుకున్నాను. తుజ్సుజ్ అన్న పేరు ఎలా వచ్చింది? ఉప్పంటే లోకం మీద మోజు, గురువు దాన్ని వదిలేశాడు, అందుకని అంటాడు ఎర్మెక్. సంగీతంలో రుచి లేదు కనక అంటాడు సగిన్‌డిక్. అసలు నిజం మా ఇంటి పొయ్యి దగ్గర కూర్చుని ఉంది.

“పెట్టింది నేనే,” అంది అత్త. “పెళ్ళై వచ్చిన రోజు మాంసం చారు, షోర్పా కాశా. ఊరంతా తాగారు. బ్రహ్మాండం అన్నారు. ఈయనొక్కరే గిన్నె ఎత్తి ఒక గుటకేసి, ఉప్పు లేదు అన్నారు. కొత్త కోడల్ని, అందరి ముందూ! మర్నాడూ అదే మాట. ఆ మర్నాడూ అదే మాట. బావగారి పేరు పలక్కూడదు కదా, ఏదో ఒకటి పెట్టుకోవాలి కదా. ఇదిగో, ఇది పెట్టుకున్నా. ఊళ్ళో కోడళ్ళంతా అదే అందుకున్నారు. వాళ్ళ పిల్లలు వాళ్ళని చూసి, లారీలవాళ్ళు పిల్లల్ని చూసి.”

“అత్తా, ఇది రాయనా?”

“రాస్తే రాయి. ఉప్పు సరిపోయిందని కూడా రాయి.”

“దానికి మూలం చూపించాలి అత్తా.”

“ఊరంతా తాగారు.”

“అచ్చులో ఉండాలి.”

“షోర్పాని ఎవరే అచ్చేసేది?”

చివరికి నేను రాసింది: “ఈ పేరు ఎలా వచ్చిందన్న విషయమై భిన్నాభిప్రాయాలున్నాయి.” చదివి వినిపిస్తే అత్త చేతిలో అప్పడాల కర్ర ఆగిపోయింది. “భిన్నాభిప్రాయాలా? కాచిన దాన్ని నేనుండగా?” తిన్న ఇంటి వాసాలు లెక్కపెడుతున్నావని రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఆ రెండు రోజులూ నా కప్పు కూడా నిండుగానే పోసింది.

పండుగ దగ్గర పడింది. మొదటి వాక్యంలో ఖాళీ అలాగే ఉంది. అసలు పేరుకి ఆయన మాటే చాలు, వేరే మూలం అక్కర్లేదు అని అక్రోటు రాశాడు, కానీ ఖాళీతో మాత్రం ఒప్పుకోను అన్నాడు. నేను ఎర్మెక్‌ని కదిపి చూశాను. వాడు బెంబేలెత్తిపోయాడు. “అసలు పేరా? వద్దెజే! ఆ పేరు పెట్టారంటే ఆయన మామూలు మనిషైపోతారు.” సగిన్‌డిక్‌ని అడిగితే ఆయనా వద్దన్నాడు. “ఇప్పుడు హాయిగా తిట్టుకుంటున్నా. పేరుంటే మనిషవుతాడు. మనిషిని తిట్టాలంటే నాకు మొహమాటం.” ఏడు తరాల్లో ఆ ఇద్దరికీ కుదిరిన మాట అదొక్కటే.

చప్పిడి పండుగ సాంస్కృతిక భవనం వెనక మైదానంలో పెట్టారు. గుడారం వేశారు, పెద్ద పెద్ద డేగిశాలు ఎక్కించారు. బిష్కెక్ నుంచి తెల్ల టోపీల భక్తులు దిగారు. వంటకి ఊరి ఆడవాళ్ళని పిలిచారు, పిలిస్తే వెళ్ళాలి కాబట్టి అత్త వెళ్ళింది. ఉప్పు వెయ్యకూడదని తెలిసినప్పట్నుంచీ ఆవిడకి ఒంట్లో బాగాలేదు. “ఇది వంటా, శిక్షా?” అని గొణుగుతూ, తలకి కట్టుకున్న గుడ్డ కొసన గుప్పెడు ఉప్పు మూట కట్టుకుంది. ఎవరూ చూడకుండా డేగిశాలో పడేస్తానంది. భక్తుల్లో ఒకడు గరిటె పట్టుకుని డేగిశా దగ్గరే కాపలా కాశాడు.

గుడారంలో గుమ్మానికి ఎదురుగా, పెద్ద స్థానంలో పెద్దమామగారిని కూర్చోబెట్టి, ముందు గొర్రె తలకాయ పెట్టారు. ఆయన శుభ్రంగా గడ్డం గీసుకొచ్చారు. నేను చదివేది వినడానికని కొత్త టోపీ కూడా పెట్టుకున్నారు. అది చూస్తే నాకు ఇంకా భయమేసింది. తినడానికి రాలేదు, వినడానికే వచ్చానని చెప్పి సగిన్‌డిక్ ఒక తొడ ఎముక ముందేసుకుని కూర్చున్నాడు.

నేను ఫోను తెరిచి చదివాను. “తుజ్సుజ్, అసలు పేరు...” ఇక్కడ గట్టిగా దగ్గాను. “కిర్గిజ్ గాయకుడు, కోముజ్ వాద్యకారుడు. లారీ డ్రైవరుగా పనిచేశాడు.”

“చేశాడా?” అని అరిచాడు ఎర్మెక్. “చేశారు అనండి ఎజే!”

“అక్కడ అందరూ చేశాడే. కూర్చో.”

“అతని ఏకైక క్యాసెట్టు లారీ కేబిన్లో రికార్డయింది. అందులో ఇంజను శబ్దం వినిపిస్తుంది. ఆ శబ్దాన్ని కొందరు శ్రోతలు ప్రత్యేకతగా భావిస్తారు. మరికొందరు ఇంజను శబ్దంగా భావిస్తారు. అతని వాయిద్య నైపుణ్యంపై విమర్శ ఉంది. అతని అభిమానుల్లో కొందరు ఉప్పు తినరు.”

అయిపోయింది. గుడారంలో ఒక్క క్షణం ఎవరూ ఊపిరి తీసుకోలేదు. తర్వాత అందరూ ఒకేసారి తీసుకున్నారు.

“ఇంతేనా?” అన్నాడు ఎర్మెక్, ఏడుపు గొంతుతో. “మంచు తీసే బండికి కూడా ఇంతకంటే పెద్ద వ్యాసం ఉంది!”

“ఇంతుందా!” అన్నాడు సగిన్‌డిక్, ఎముక ఊపుతూ. “విమర్శ ఉంది అని ఒక్క ముక్కా? నా జీవితమంతా విమర్శిస్తే ఒక్క ముక్కా?”

రెండు వైపులా కలిసికట్టుగా నన్ను తిట్టారు. తటస్థత అంటే ఇదే కాబోలు అనుకున్నాను. ఒకడు తలాస్‌ని కూడా తిట్టాడు. దానికి మాత్రం నేను ఊరుకోలేదు.

ఈ గొడవలో పెద్దమామగారు చెయ్యెత్తారు. అందరూ ఆగారు.

“మొదట్లో దగ్గావే అమ్మా. అక్కడేముంది?”

“ఖాళీ ఉంది మావయ్యా.”

“ఆ ఖాళీ నేనే కదా.”

ఎర్మెక్ నెమ్మదిగా, “గురువుగారూ, మీకు ఆ పేరెందుకు? పేర్లకి అతీతులు మీరు,” అన్నాడు. సగిన్‌డిక్ కూడా ఎముక కింద పెట్టి, “ఇన్నాళ్ళూ లేనిది ఇప్పుడెందుకులే,” అన్నాడు. నేనేం చేశాను? తల వంచుకుని కూర్చున్నాను. ఫోను చేతిలోనే ఉంది. వేళ్ళు కూడా ఉన్నాయి.

“సరేలే,” అన్నారు ఆయన. “ఖాళీయే ఉంచు. తీసేస్తే తీసేస్తారు.” ముందున్న షోర్పా గిన్నె ముట్టుకోకుండా పక్కకి జరిపి, టోపీ సర్దుకుని, లేవడానికి మోకాలి మీద చెయ్యి వేశారు.

అప్పుడొచ్చింది మా అత్త. డేగిశాల దగ్గర్నుంచి అంతా విందేమో, చేతిలో గరిటెతో సహా వచ్చి గుడారం మధ్యలో నిలబడింది.

“ఏరా ఎర్మెక్! ఆ చప్పిడి పేరు పెట్టింది నేను. నా కోపానికి నేను పెట్టుకున్న పేరు పట్టుకుని మీరు ఉప్పు మానేశారా? నాకు అప్పుడు కోపం కారం మీద వచ్చి ఉంటే మీరేం మానేసేవాళ్ళు? నువ్వు సగిన్‌డిక్, నీకేం తెలుసు రుచి సంగతి? ముందు ఆ ఎముక వదులు.” ఇద్దర్నీ దులిపేశాక నా వైపు తిరిగింది. “భిన్నాభిప్రాయాలట!”

తర్వాత ఆవిడ చేసిన పని నేను బతికున్నంతకాలం మర్చిపోను. గరిటె కింద పెట్టింది. పెద్దమామగారి ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. పక్కకి జరిపిన గిన్నె రెండు చేతులతో ఎత్తి మళ్ళీ ఆయన ముందు పెట్టింది. పెదాలు రెండు మూడు సార్లు కదిలాయి, శబ్దం రాలేదు. నలభై ఏళ్ళు తియ్యని తలుపు ఒక్క తోపుకి రాదు కదా.

“అషీరాలి,” అంది. “షోర్పా చల్లారిపోతోంది. తాగు.”

మీరు కాదు, గారు కాదు, బావా కాదు. అమ్మ పిలిచినట్టు పిలిచింది.

గుడారంలో ముసలి ఆడవాళ్ళు నోటికి తలగుడ్డ కొసలు అడ్డం పెట్టుకున్నారు. సగిన్‌డిక్ ఎముక నిజంగానే వదిలేశాడు. ఎర్మెక్ ఆ పేరుని పెదాలతో ఒకసారి పలికి చూసుకున్నాడు, ఏమీ కాలేదని తెలిసి ఇంకోసారి పలికాడు. పెద్దమామగారు మాత్రం అన్నానికి పిలిస్తే పిల్లలు పలికినట్టు, “ఆఁ,” అన్నారు.

గిన్నె ఎత్తారు. ఆ డేగిశాలో ఉప్పు గల్లు ఒక్కటి లేదని గుడారంలో ప్రతి ఒక్కరికీ తెలుసు. నేను తాగి చూశాను, వేణ్ణీళ్ళలో గొర్రె స్నానం చేసి వెళ్ళిపోయినట్టుంది. ఆయన ఒక గుటక వేశారు. ఇంకొకటి వేశారు. అత్త చూస్తోంది, కొత్త కోడలిలా.

“ఉప్పు సరిపోయింది,” అన్నారు.

అత్త అరచేత్తో కళ్ళు తుడుచుకోబోయి తలగుడ్డ కొస పట్టుకుంది. మూట ముడి ముడిలాగే ఉంది. దాన్ని ఒకసారి చూసింది, ఆయన్ని ఒకసారి చూసింది. “ఇన్నాళ్ళకి నోరు పెగిలింది మహానుభావుడికి,” అని ఆ గుడ్డతోనే ముక్కు చీదుకుంది.

అత్త నోటి నుంచి వచ్చాక నా వేళ్ళకీ అడ్డు తీరింది. అక్కడే, గొర్రె తలకాయ పక్కన కూర్చుని, ఖాళీలో ఆ పేరు టైపు చేశాను. ఆయన నా భుజం మీదుగా వంగి ఒక్కో అక్షరం పడుతుంటే చూశారు. అయ్యాక, “గట్టిగా చదువు,” అన్నారు. చదివాను. ఇంకోసారి చదవమన్నారు. చదివాను. బడి తెరిచాక కిటికీ పక్కబ్బాయిని కూడా పేరు పెట్టి పిలిచాను. ఎవర్నో అనుకుని వాడు వెనక్కి తిరిగి చూశాడు.

అక్రోటు వ్యాసానికి తాళం తీసి, తటస్థంగా ఉంది అని ఒక్క ముక్క రాశాడు. ఎర్మెక్, సగిన్‌డిక్ ఇద్దరూ దాన్ని ఇప్పటికీ తిడుతున్నారు, కాబట్టి ఉండే ఉంటుంది. అత్త మాత్రం రోజూ సాయంత్రం అడుగుతుంది, ఉప్పు సరిపోయిందన్న మాట అందులో ఎక్కించావా లేదా అని. లేదు అత్తా అంటాను. గుడారం నిండా జనం విన్నారు గానీ, అచ్చయిన మూలం లేదు.